సిరప్ ఇవ్వనా, మాత్ర ఇవ్వనా? మందుల షాపు కౌంటర్ వెనక నుంచి

"అమ్మా, మాత్రలొద్దు. కాస్త గట్టిగా పనిచేసేది, తాగే మందు ఇవ్వండి."

పోయిన ఆదివారం పొద్దున్నే షట్టర్ ఎత్తుతుంటే ఒకాయన అడిగిన మాట ఇది. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. నలభై ఐదేళ్లుంటాయి, బాగా ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. రాత్రంతా జ్వరం, ఒళ్లు నొప్పులు. మాత్ర ఎందుకు వద్దు బాబూ అంటే ఆయన లెక్క ఆయన చెప్పాడు: మాత్ర కడుపులో కరగాలి, నానాలి, రక్తంలో కలవాలి, అదంతా ఎప్పటికయ్యేను? తాగేదైతే నేరుగా ఒంట్లోకి పోతుంది కదా!

తణుకులో మా షాపు పెట్టి 22 ఏళ్లయింది. బీఫార్మసీ చదివింది నేను, సరుకు ఆర్డర్లు, లెక్కలు చూసేది మావారు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న వినని వారం లేదు. మన జనంలో మందులకి అంతస్తులున్నాయి. అన్నిటికంటే పైన సెలైన్, తర్వాత సూది, ఆ తర్వాత తాగే మందు, అట్టడుగున పాపం మాత్ర. సెలైన్ సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. నీరసానికి ఎక్కించే 500 ఎం.ఎల్. గ్లూకోజు సీసా 5 శాతం దయితే అందులో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. రెండిడ్లీలు తింటే వచ్చే శక్తి ఎంతో అదీ అంతే. నోటితో తినగలిగినవాళ్లకి ఇడ్లీలే చవక.

మళ్లీ సిరప్ దగ్గరికొస్తాను. ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. మాత్ర ముందు విడిపోవాలి, తర్వాత కరగాలి, చిన్నపేగులోకి దిగాక రక్తంలో కలవాలి. సిరప్‌కి మొదటి మెట్టు ఉండదు. అందుకని కొన్ని నిమిషాలు ముందు మొదలవుతుంది. అయితే ఆ మెట్టు మనం అనుకునేంత ఎత్తుదేం కాదు. మందుల నాణ్యతకి మన దేశపు ప్రమాణాల పుస్తకం ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం పైపూత లేని మామూలు మాత్ర, పరీక్షలో ఒంటి వేడి నీళ్లలో 15 నిమిషాల్లోపు విడిపోవాలి. పల్చటి పూత ఉన్నదానికి 30 నిమిషాలు. లేకపోతే ఆ బ్యాచ్ బయటికే రాకూడదు.

కావాలంటే మీ ఇంట్లోనే చూడండి. గాజు గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు పోసి ఒక పారాసిటమాల్ 500 మాత్ర వేసి కూచోండి. మా చిన్నదానికి ఒకసారి చూపించాను. రెండు నిమిషాలకి అంచులు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి, తర్వాత మధ్యలోంచి పగిలింది, టీ కాగేలోపు అడుగున తెల్లటి పిండి తప్ప ఏం మిగల్లేదు. కడుపులో జరిగేదీ ఇంచుమించు అదే. అక్కడ పేగుల కదలిక కూడా తోడవుతుంది.

ఒంట్లోకి చేరే మందు మొత్తం మాత్రం రెండింట్లోనూ దాదాపు ఒకటే. 500 మిల్లీగ్రాములు మాత్రగా మింగినా, అంతే సిరప్‌గా తాగినా జ్వరం దిగేది అంతే. కాబట్టి 'కాస్త తొందరగా' అన్నది ఒప్పుకుంటాను, 'గట్టిగా' అన్నది ఒప్పుకోను.

ఇక లెక్క చూడండి. 60 ఎం.ఎల్. పారాసిటమాల్ సిరప్ సీసా, 5 ఎం.ఎల్.కి 250 మి.గ్రా. ఉన్న రకం తీసుకుంటే, అందులో 12 మోతాదులు, మొత్తం 3,000 మి.గ్రా. అంటే ఆరు మాత్రలు. ఆ పెద్దమనిషి ఒక్కసారికి 10 ఎం.ఎల్. తాగాలి. 5 ఎం.ఎల్.కి 125 ఉన్న సీసా కొంటే 20 ఎం.ఎల్., మూడు డోసులకే సీసా ఖాళీ. అదే పది మాత్రల స్ట్రిప్ ఆ సీసా ధరలో ఎన్నో వంతో మీకే తెలుసు. ఆయనకి మాత్రలే ఇచ్చాను. గ్లాసుడు నీళ్లతో వేసుకో, ఆరు గంటలు ఆగి మళ్లీ వేసుకో, రోజుకి నాలుగు దాటొద్దు, తాగుడు అలవాటుంటే ఈ నాలుగు రోజులు మానుకో అన్నాను. చివరిది విన్నట్టు కనిపించలేదు.

తాగే మందులో కొలత మన చేతిలో ఉంటుంది

మాత్రకి కొలత ఫ్యాక్టరీలోనే అయిపోయింది. సిరప్‌కి ఆ కొలిచే పని ఇంటికొచ్చాక మనం చెయ్యాలి. పసిపిల్లలకి సిరప్ మంచిదవడానికి కారణం ఇదే, ఎందుకంటే పిల్లాడి బరువుని బట్టి 3 ఎం.ఎల్. అయినా 4 ఎం.ఎల్. అయినా పొయ్యొచ్చు. నా షాపులో ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

నేను చూసినంతలో అన్నిటికంటే భయపెట్టేది డ్రాప్స్‌కి, సిరప్‌కి మధ్య తికమక. ఒక అమ్మాయి ఏడాది బిడ్డని చంకనేసుకుని వచ్చింది. పాత సీసా అయిపోయిందట, అదే పేరున్న డబ్బా ఇంట్లో ఇంకోటి కనిపిస్తే ఫొటో తీసుకొచ్చి, "ఇది కూడా అంతే పొయ్యొచ్చు కదండీ?" అని అడిగింది. పాతది సిరప్, కొత్తది డ్రాప్స్. పేరు ఒకటే, బొమ్మ ఒకటే, రంగూ ఒకటే. చాలా పారాసిటమాల్ డ్రాప్స్‌లో ఒక్క ఎం.ఎల్.కే 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్ అలవాటుతో 5 ఎం.ఎల్. పోస్తే 500, అంటే పెద్దవాళ్ల మాత్ర మొత్తం ఆ బిడ్డకి పోసినట్టే. అడిగింది కాబట్టి సరిపోయింది.

కాబట్టి సీసా మీద బ్రాండ్ పేరు కంటే ముందు చదవాల్సింది చిన్న అక్షరాల్లో ఉండే ఆ ఒక్క లైను: 'ప్రతి 5 ఎం.ఎల్.లో' ఇంత, లేదా 'ప్రతి ఎం.ఎల్.లో' ఇంత అని. పిల్లలకి పారాసిటమాల్ ఒక డోసు కిలో బరువుకి 10 నుంచి 15 మి.గ్రా. పది కిలోల బిడ్డకి 15 చొప్పున వేసుకుంటే 150 మి.గ్రా. ఆ 150 అనేది 125 సిరప్‌లో 6 ఎం.ఎల్., 250 సిరప్‌లో 3 ఎం.ఎల్., 100 డ్రాప్స్‌లో ఒకటిన్నర ఎం.ఎల్. ఒకే బిడ్డ, ఒకే మందు, మూడు కొలతలు! డాక్టరు చీటీలో 'ఒక స్పూను' అని మాత్రమే ఉంటే ఏ సీసాలో ఒక స్పూనో అడగండి, సిగ్గుపడొద్దు. డోసుకీ డోసుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు, రోజు మొత్తంలో నాలుగుసార్లకి మించొద్దు. మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరమొస్తే మాత్రం నా దగ్గరికి రావద్దు, నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికే.

స్పూను మాటకొస్తే, వంటింటి స్పూను మానేయండి. మా ఇంట్లో ఉన్న నాలుగు రకాల చెంచాలని ఒకసారి కొలిస్తే ఏ రెండూ కలవలేదు. పోపుల పెట్టెలో చెంచా మూడున్నర దగ్గర ఆగింది, పెళ్లికి వచ్చిన స్టీలు సెట్టులోది ఏడు దాటింది. సీసా మూతకి ఉండే కప్పు నయమే, అందులో కూడా గీతని కంటికి ఎదురుగా పెట్టి చూడాలి, పైనుంచి వంగి చూస్తే తక్కువ పోస్తారు. అన్నిటికంటే మంచిది సూది లేని సిరంజి. 5 ఎం.ఎల్. సిరంజి ఏ షాపులోనైనా దొరుకుతుంది. సూది తీసి పారేసి, దాని చిన్న ప్లాస్టిక్ మూత కూడా పిల్లలకి అందకుండా చెయ్యండి, గొంతులో అడ్డంపడుతుంది.

పొయ్యడంలోనూ పద్ధతుంది. మన అమ్మమ్మలు కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో గటగటా పోసేవాళ్లు. బిడ్డ ఏడుస్తూ నోరు తెరవగానే లోపలికి. అలా పోస్తే పొలమారి మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డని ఒళ్లో నిటారుగా కూచోబెట్టుకోండి. సిరంజి మొన బుగ్గ లోపలి వైపు పెట్టి అర ఎం.ఎల్., అర ఎం.ఎల్. చొప్పున వదలండి. మింగిందాకా ఆగండి. పాల సీసా నిండా మందు కలపకండి, సగం తాగి వదిలేస్తే ఎంత లోపలికి పోయిందో దేవుడికే తెలియాలి. చాక్లెట్ అని చెప్పి మందు ఇవ్వకండి. ఇవాళ సులువుగానే ఉంటుంది, రేపు స్టూలు ఎక్కి అలమారాలోంచి చాక్లెట్ దించుకుంటాడు.

బాగా కలపండి అంటే నిజంగానే కలపండి

'వాడే ముందు బాగా కలపండి' అని ఉన్న సీసాల్లో మందు నీళ్లలో కరిగి ఉండదు, పొడిలా తేలుతూ ఉంటుంది. వీటిని సస్పెన్షన్లంటారు. కదపకుండా పెడితే అడుగుకి దిగుతుంది. పప్పుచారు గరిటెతో తిప్పకుండా వడ్డిస్తే ఏమవుతుంది? ముందు కూచున్నవాళ్లకి తేట, ఆఖరి బంతికి ముద్దపప్పు. మందుల్లోనూ అంతే. మొదటి రోజులు తక్కువ డోసు, చివరి రోజులు ఎక్కువ డోసు.

దగ్గుకో జ్వరానికో అయితే పెద్దగా తెలియదు. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ సస్పెన్షన్‌లో మాత్రం ఇది ప్రాణాల మీదికి వస్తుంది. సీసా మొదట్లో ఫిట్స్ ఆగవు, సీసా చివర్లో కళ్లు తిరిగి తూలుతుంటారు. పైగా ఫెనిటాయిన్‌లో ఇంకో మెలిక ఉంది. 100 మి.గ్రా. సోడియం రకం మాత్రలో అసలు ఫెనిటాయిన్ 92 మి.గ్రా. మాత్రమే, సస్పెన్షన్‌లో ఎంత రాసుంటే అంతా ఉంటుంది. కాబట్టి మాత్ర దొరకలేదని అదే లెక్కకి సిరప్ మార్చుకోకూడదు, డాక్టరే మార్చాలి. గుండెకి వాడే డిగాక్సిన్‌లోనూ ఇలాంటి తేడా ఉంది, మాత్రకంటే ద్రవరూపంలో కాస్త ఎక్కువ ఒంటికి పడుతుంది.

యాంటీబయాటిక్ డ్రై సిరప్‌లు మరో రకం. సీసాలో పొడి ఉంటుంది, మనం నీళ్లు కలుపుకోవాలి. ఎందుకు కలిపి అమ్మరని ఒకాయన నాతో దెబ్బలాడాడు, బద్ధకం అన్నాడు. అమాక్సిసిలిన్ లాంటివి నీళ్లలో ఎక్కువ రోజులు నిలవ ఉండవు, అందుకని అలా ఇస్తారు. కలిపే తీరు ఇది. ముందు సీసాని అరచేతికేసి నాలుగుసార్లు తట్టి అడుగున గడ్డకట్టిన పొడిని వదులు చెయ్యండి. కాచి, పూర్తిగా చల్లార్చిన నీళ్లు, లేదా డబ్బాతోపాటు ఇచ్చిన నీళ్లు, గీతలో సగం దాకా పోసి గట్టిగా ఊపండి. నురగ దిగాక చూస్తే మట్టం కిందికి పోయి ఉంటుంది, అప్పుడు మళ్లీ గీత దాకా పోసి ఊపండి. చాలామంది నురగ మట్టాన్ని చూసి ఆపేస్తారు, మందు చిక్కబడుతుంది. వేడి నీళ్లు పొయ్యొద్దు. కలిపిన తేదీ లేబుల్ మీద పెన్నుతో రాయండి. అమాక్సిక్లావ్ అయితే ఫ్రిజ్‌లో పెట్టి 7 రోజుల్లో వాడెయ్యాలి, మిగిలితే పారెయ్యాలి. అన్నీ ఫ్రిజ్‌లో పెట్టేవి కావు, ఏది బయట ఉండొచ్చో లేబుల్ మీద ఉంటుంది. పోయిన నెల మిగిలింది ఈ నెల తమ్ముడికి పొయ్యడం మాత్రం వద్దు.

తీపి సంగతి

కాలేజీలో మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో మాతో చేయించింది 'సింపుల్ సిరప్'. బీకరు, బర్నరు అన్నమాటే గానీ చేసింది పాకం. తూకంలో మూడు పాళ్లకి రెండు పాళ్లు పంచదార, ఒక పాలు నీళ్లు. మా బ్యాచ్‌లో ఒకడు కొంచెం ఎక్కువ కాచి తీగపాకం చేసి తిట్లు తిన్నాడు. ఎన్నో సిరప్‌లకి పునాది ఇదే. అందుకని షుగర్ ఉన్నవాళ్లు టీలో చక్కెర మానేసి, రోజుకి మూడుసార్లు 10 ఎం.ఎల్. దగ్గు మందు తాగుతుంటే నాకు మనసొప్పదు. షుగర్ ఫ్రీ అడగండి. వాటిలో పంచదార బదులు సార్బిటాల్ లాంటివి ఉంటాయి, ఎక్కువ తాగితే విరేచనాలవుతాయి. పిల్లలకి రాత్రి పడుకునే ముందు సిరప్ పోస్తే తర్వాత నీళ్లు పట్టండి, పళ్లు పుచ్చిపోకుండా.

టానిక్కుల గురించి నా అభిప్రాయం షాపు యజమానిగా చెప్పకూడనిది. నీరసానికి, ఆకలికి, 'రక్తం పట్టడానికి' అంటూ నెలకి రెండు సీసాలు కొనుక్కుపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎర్రగా, చిక్కగా ఉంటే రక్తం పడుతుందని నమ్మకం. రక్తహీనతకి ఐరన్ మాత్ర ఏమీ తక్కువది కాదు. సర్కారు లెక్క చూడండి. రక్తహీనత నివారణ కార్యక్రమంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకే సిరప్, వారానికి రెండుసార్లు ఒక్కో ఎం.ఎల్. ఆపైన 5 నుంచి 9 ఏళ్లవాళ్లకి వారానికో గులాబీ మాత్ర, పదేళ్లు దాటిన బడి పిల్లలకి వారానికో నీలం మాత్ర, గర్భిణులకి 180 రోజులు రోజుకో ఎర్ర మాత్ర, 60 మి.గ్రా. ఐరన్‌తో. ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చిన ఎర్రమాత్రలు బియ్యం డబ్బాలో పడేసి, నా దగ్గర రెండొందలు పెట్టి టానిక్ కొన్న అమ్మాయిని చూశాను. ఆ మాత్రలే టీ, పాలు, కాల్షియం మాత్రలకి దూరంగా, నిమ్మకాయ నీళ్లతో వేసుకోమన్నాను. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. ఐరన్ సిరప్ తాగక తప్పనివాళ్లు స్ట్రాతో తాగండి, పళ్లు నల్లబడవు.

దగ్గు సిరప్ విషయంలో మాత్రం నా గొంతు కాస్త పెరుగుతుంది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందు మాత్రగా, పొడిగా బాగానే అమ్ముడుపోతోంది. జనం తాగే మందు కావాలంటున్నారని ఒక కంపెనీ దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, కోరిందపండు వాసన కలిపి అమ్మింది. ఆ ద్రవం మూత్రపిండాల్ని తినేసే విషం. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. అదే విషం 1986లో ముంబైలో, 2020లో జమ్మూలో, 2022లో గాంబియాలో పిల్లల్నీ పెద్దల్నీ పొట్టన పెట్టుకుంది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో 20 మందికి పైగా పసివాళ్లు దగ్గు సిరప్ తాగి పోయారు. మాత్రకి ఈ గండం లేదు, ఎందుకంటే దానికి కరిగించే ద్రవమే అక్కర్లేదు. ఆ అక్టోబర్‌లో కేంద్రం మళ్లీ చెప్పింది: రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు రాయొద్దు, ఇవ్వొద్దు. ఐదేళ్లలోపు వాళ్లకి మామూలుగా అవసరం లేదు. నేను చీటీ లేకుండా పిల్లల దగ్గు మందు ఇవ్వను. వెనక వీధి షాపులో ఇస్తారండీ అంటారు. అక్కడే తీసుకోండి అంటాను.

కల్వంలో నూరిన ఆరు మాత్రలు

మూడేళ్ల కిందట మా అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మింగడం కష్టమైంది. ఆవిణ్ణి చూసుకోవడానికి ఒకావిడని పెట్టుకున్నాం, బహు ఓర్పు గల మనిషి. పొద్దున వేసే ఆరు మాత్రలు చిన్న డబ్బాలో పెట్టి, రోజూ ఇవి వెయ్యి అని చెప్పి నేను షాపుకొచ్చేశాను. ఎలా వెయ్యాలో చెప్పలేదు. ఏళ్ల తరబడి ఊరందరికీ చెప్పేదాన్ని, ఇంట్లో చెప్పలేదు.

ఆవిడ ఇంట్లో ఉన్న కల్వం తీసి, ఆరింటినీ మెత్తగా నూరి, తేనెలో రంగరించి నాలిక మీద రాసింది. పసిపిల్లలకి వసకొమ్ము అరగదీసినట్టు, ప్రేమగానే. పదకొండింటికి ఫోన్, అమ్మగారు కళ్లు తేలేస్తున్నారని. పరుగెత్తుకెళ్లి చూస్తే ఒళ్లంతా చెమట, బీపీ 90కి 50. ఆ ఆరింట్లో ఒకటి బీపీకి వాడే నిఫెడిపిన్ రిటార్డ్. పన్నెండు గంటలపాటు కొంచెం కొంచెంగా విడుదల కావాల్సిన మందు మొత్తం ఒక్కసారే ఒంట్లో పడింది. కాళ్లు ఎత్తుపెట్టి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, సాయంత్రానికి కుదుటపడింది.

తొందరగా పనిచెయ్యడం ఎప్పుడూ మంచిది కాదన్న పాఠం ఈ నిఫెడిపిన్ విషయంలో ఎప్పుడో తేలింది. 1990ల దాకా బీపీ బాగా పెరిగితే నిఫెడిపిన్ క్యాప్సూల్ కొరికి లోపలి ద్రవాన్ని నాలిక కింద పెట్టుకోమనేవాళ్లు. బీపీ గబుక్కున పడిపోయి గుండెపోట్లు, పక్షవాతాలు వస్తున్నాయని ఆ పద్ధతి మానేశారు. పరీక్షలో మార్కుల కోసం చదివిన ముక్కే అది.

కాబట్టి నూరే ముందు మాత్ర పేరు చివర చూడండి. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్, ఎక్స్‌ఎల్, రిటార్డ్ అని ఏదైనా ఉంటే అది మెల్లగా విడుదలయ్యే రకం, నూరకూడదు, నమలకూడదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ చాలా ఇళ్లలో ఉంటుంది, అది ఈ జాతిదే. పాంటప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలకి, 75 మి.గ్రా. ఆస్పిరిన్‌లో కొన్ని రకాలకి పైన ఒక పూత ఉంటుంది. గ్యాస్ మాత్ర పూత నూరితే కడుపులోని ఆమ్లానికే మందు చచ్చిపోతుంది, వేసీ లాభం లేదు. ఒమెప్రజోల్ క్యాప్సూల్‌లో ఆవగింజల్లాంటి గుళికలుంటాయి, వాటిదీ అదే తంతు. మధ్యలో గీత ఉన్న మాత్ర గీత దగ్గర విరవొచ్చు గానీ, విరవొచ్చన్నంత మాత్రాన నూరొచ్చని కాదు.

మరి మింగలేనివాళ్లకి ఏం చెయ్యాలి? మొత్తం మాత్రల జాబితా పట్టుకుని డాక్టర్ని అడగాలి. మా అత్తయ్యకి రెండు మందులు మార్చారు, ఒకటి పూర్తిగా తీసేశారు. మిగతావి ఒక్కొక్కటే విడిగా నూరి ఇచ్చాం. ఒక మాట, పక్షవాతం వచ్చినవాళ్లకి పల్చటి ద్రవమే ఎక్కువ పొలమారుతుంది. మాత్ర మింగలేదు కాబట్టి సిరప్ పోద్దాం అనుకుంటాం, తీరా అది గాలిగొట్టంలోకి పోతుంది. ఆవిడకి చిక్కటి జావలా ఉన్నది బాగా దిగేది, నీళ్లు దిగేవి కావు.

మింగడం నేర్చుకోవచ్చు

సిరప్ అడిగే పెద్దవాళ్లలో సగంమందికి అసలు కారణం మాత్ర గొంతులో ఇరుక్కుంటుందన్న భయం. ఏదో చిన్నప్పుడు ఒకసారి అడ్డంపడి ఉంటుంది. వాళ్లకి రెండు చిట్కాలు చెబుతాను. జర్మనీలో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీవాళ్లు పరీక్షించి 2014లో ప్రకటించినవి.

మాత్రకైతే మెత్తటి ప్లాస్టిక్ వాటర్ బాటిల్ కావాలి. మాత్ర నాలిక మీద పెట్టుకుని, బాటిల్ మూతికి పెదాలు గట్టిగా బిగించి, గాలి పోకుండా పీలుస్తూ తాగాలి. బాటిల్ లోపలికి సొట్టపోవాలి. ఆ ఊపులో మాత్ర దిగిపోయిన సంగతే తెలియదు. క్యాప్సూల్‌కి ఇది పనికిరాదు, ఎందుకంటే అది తేలుతుంది. మనం తల వెనక్కి వంచుతాం, అది ముందుకి, పళ్ల దగ్గరికి వస్తుంది. క్యాప్సూల్ నోట్లో వేసుకుని ఒక గుక్క నీళ్లు పుక్కిట పట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా తల ముందుకి వంచి మింగండి. అప్పుడది గొంతు వైపు తేలుతుంది. మొదట నమ్మలేదు నేను. మా షాపులో పనిచేసే కుర్రాడి మీద ప్రయోగించాకే కస్టమర్లకి చెప్పడం మొదలుపెట్టాను. మింగడంలో ఇబ్బంది ఉన్న రోగులకి, పక్షవాతం వచ్చినవాళ్లకి మాత్రం ఈ చిట్కాలు వద్దు.

మా పెద్దదానికి ఎనిమిదేళ్లప్పుడు ఉడికించిన సగ్గుబియ్యంతో నేర్పాను. ముందు ఒక్క గింజ నీళ్లతో, తర్వాత రెండు, తర్వాత సగం మాత్ర. వారం పట్టింది.

నీళ్లు గుక్కెడు కాదు, గ్లాసుడు. డాక్సీసైక్లిన్ క్యాప్సూల్ రాత్రి పడుకోబోతూ ఒక్క గుక్కతో వేసుకుంటే అన్నవాహికలో అంటుకుని అక్కడ పుండు పడుతుంది. ఎముకలకి వారానికొకటి వేసే అలెండ్రోనేట్ కూడా అంతే. వేసుకున్నాక అరగంట నడుం వాల్చకండి.

సిరప్‌వైపు నిలబడే చోట్లు

ఛాతీలో మంటకి యాంటాసిడ్ ద్రవమే తొందరగా పనిచేస్తుంది. మాత్ర రకం కొంటే బాగా నమిలి మింగాలి, అలాగే మింగేస్తే దండగ. వేరే మందులేమైనా వాడుతుంటే ముందు అడగండి, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటివాటిని ఇది పట్టేసి ఒంటికి చేరనివ్వదు. మలబద్ధకానికి లాక్టులోజ్ ద్రవమే. పొటాషియం సిరప్ రాస్తే నీళ్లు బాగా కలపకుండా తాగకండి, పేగు మండుతుంది.

విరేచనాలకి ఓఆర్‌ఎస్ కంటే గొప్ప తాగే మందు లేదు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కాదు. 24 గంటలు దాటితే పారబోయాలి. అట్టపెట్టె డ్రింకుల మీద ఆ పేరు రాసుకుని అమ్మేవాళ్ల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దంది. వాటిలో పంచదార ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

విరేచనాలకి ఓఆర్‌ఎస్‌తోపాటు ఇచ్చే జింక్ మాత్ర నాకు చాలా ఇష్టమైన మందు. 20 మి.గ్రా. బిళ్ళని స్పూనులో వేసి తల్లిపాలో, నీళ్లో పోస్తే నిమిషంలో కరిగిపోతుంది. మాత్రలాగా కొలత తప్పదు, ద్రవంలాగా దిగుతుంది, సీసా పగలదు, ఫ్రిజ్ అక్కర్లేదు. ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకొకటి, అంతకంటే చిన్నబిడ్డకి సగం, విరేచనాలు ఆగినా 14 రోజులూ వెయ్యాలి. నాలుగో రోజుకే ఆపేస్తారు అందరూ. బడుల్లో నులిపురుగులకి ఇచ్చే ఆల్బెండజోల్ కూడా ఇలాంటిదే, నమలాలి. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి సగం మాత్ర పొడిచేసి నీళ్లలో కలిపి ఇస్తారు.

మందుల షాపుకి వచ్చేముందు ఒక పని చెయ్యండి. ఇంట్లో ఉన్న సీసాలు, స్ట్రిప్‌లు అన్నీ మంచం మీద పరిచి ఫోన్‌లో ఒక్క ఫొటో తీసుకురండి, అక్షరాలు కనిపించేలా. 'ఆ తెల్ల మాత్రండీ, ఆ ఎర్ర సీసా అండీ' అంటే నాకు తెలియదు. మా షాపులో తెల్లవే రెండువేల రకాలు.

ఇది రాస్తూ లేచి మా ఫ్రిజ్ తెరిచాను. తలుపు అరలో చిన్నదాని అమాక్సిక్లావ్ సీసా, కలిపిన తేదీ నా చేతిరాతే, పదకొండు రోజులైంది. అడుగున రెండు స్పూన్లుంది. కాఫీపొడి పిప్పిలో కలిపి కవర్లో కట్టి చెత్తలో వేసొచ్చాను.